పన్నెండో గది చిరునామా

శుక్రవారం మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు మళ్ళీ వచ్చేశారు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆసుపత్రి వాళ్ళందరం వెళ్ళాం, దండలు వేశాం, ఏడ్చాం. అయినా మా ఈమెయిల్ చిరునామాల పట్టికలో, పన్నెండో గదికి ఎదురుగా, ఆయన పేరు తాపీగా కూర్చుని ఉంది. మొన్న సోమవారం నా చేత్తో నేనే తీసేశాను. అంతకు ముందు కూడా తీసేశాను. తీసిన ప్రతిసారీ శుక్రవారానికల్లా హాజరు.

"ఇదెక్కడి గొడవండీ బాబూ!" అని పైకే అనేశాను. వినేవాళ్ళెవరూ లేరు. నా గది ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గది పక్కన ఉంటుంది. గోడ అవతల యంత్రాలు తిరిగినంతసేపూ నా బల్ల మీద టీ కప్పు అంగుళం అంగుళం జరుగుతూ ఉంటుంది. అక్కడ కూర్చుని అందరి ఈమెయిళ్ళ బాగోగులు చూడటం నా ఉద్యోగం. పాస్‌వర్డ్ మర్చిపోయేది వాళ్ళు, వచ్చి కసిరేది నన్ను. నేనూ తక్కువ తినలేదు, తిరిగి కసురుతాను.

రోడ్డుకి అవతల ల్యాబ్ ఉంది. అది ఒకప్పుడు వేరే వాళ్ళది, తర్వాత మా ఆసుపత్రి కొనేసింది. బోర్డు మార్చారు, జీతాలు కలిపారు, మనుషుల్ని కలిపారు. ఈమెయిల్ సర్వర్లు మాత్రం కలవలేదు. ఒకదాని భాష ఇంకొకదానికి ఎక్కదు. మాది పెద్దిల్లు, వాళ్ళది చిన్నిల్లు అని ఎవరో కొంటె మనిషి పేరు పెట్టాడు. ఆ మాట అన్నప్పుడల్లా మగవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. వాళ్ళ ఆవిడలు వింటే అప్పుడు తెలుస్తుంది. ఆ రెండిళ్ళ మధ్యా రాకపోకలు నడిపేది నేను. ప్రతి శుక్రవారం మా చిరునామాలన్నీ ఒక ఫైలులోకి దింపి అటు పంపిస్తాను. అటు నుంచి వచ్చిన ఫైలు ఇక్కడ ఎక్కిస్తాను. కొత్తగా చేరినవాళ్ళ సంగతి రెండు వైపులా తెలియాలంటే అదొక్కటే దారి.

అయితే ఎక్కించేటప్పుడు చేర్చడమే గానీ తీసెయ్యడం ఉండదు. నాకు ముందు ఈ పని చేసినాయన ఒకసారి తీసివేతలు కూడా నడిచేలా మీట నొక్కేసరికి, నర్సుల చిరునామాలన్నీ ఒక్క దెబ్బకి గల్లంతయ్యాయి. అప్పటి నుంచీ ఇదే రూలు. ఎవరినైనా తీసెయ్యాలంటే రెండిళ్ళలోనూ ఎవరి వైపు వాళ్ళు చేత్తో తీసెయ్యాలి. ఒక వైపు మిగిలిపోతే ఆ మనిషి శుక్రవారం రోడ్డు దాటి ఇటు వచ్చేస్తాడు.

చిన్నింటి వైపు ఆ పని చూసేది బాబాయ్. నాకు చుట్టమేమీ కాదు. ల్యాబ్‌లో అందరికీ ఆయన బాబాయే. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని కళ్ళు అరగదీసుకున్న పాతకాలపు టెక్నీషియన్. ఈ చిరునామాల పని ఎవరూ ముట్టుకోకపోతే వచ్చి ఆయన నెత్తిన పడింది. నేను ఫోన్ చేశాను.

"బాబాయ్, పెద్ద డాక్టరుగారు మళ్ళీ వచ్చారు."

"అవునా అమ్మాయ్?" అన్నాడు.

"మీరు తీసేశానన్నారు కదా?"

"తీసేశాననే అనుకుంటా. మళ్ళీ చూస్తాలే." మామూలుగా అయితే ఒక జోకు వేసి గానీ ఫోన్ పెట్టడు. ఈమధ్య నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, ఎవరింట్లోనో జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టు మాట్లాడుతున్నాడు. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను.

ఆ రోజు నా కంట పడింది ఇంకొకటి ఉంది. ఫైలులో ప్రతి చిరునామా పక్కనా ఆ మనిషి ఉత్తరాల పెట్టె ఎంత నిండిందో ఒక అంకె ఉంటుంది. పెద్ద డాక్టరుగారి అంకె పెరిగింది. పాత ఫైళ్ళు తీసి చూశాను. వారం వారం పెరుగుతూనే వచ్చింది. పోయిన మనిషికి ఎవరు రాస్తున్నారు? రాస్తే ఏం రాస్తున్నారు?

ఆ పెట్టె తెరవనిమ్మని అడగడానికి మా పై అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేం రేపుగారు అంటాం. ఏ కాగితం పట్టుకెళ్ళినా 'రేపు చూద్దాం' అంటాడు గనక.

"డాక్టర్ల పెట్టెలు తెరవాలంటే సూపరింటెండెంటుగారి అనుమతి ఉండాలి. అందులో రోగుల వివరాలుంటాయి. ఎవరు పడితే వాళ్ళు చూసేవి కావు."

"ఆయన లేరు కదండీ."

"ఆయన లేరు. రూలు ఉంది. ప్రకటనలేవో వచ్చి పడుతుంటాయి, వదిలెయ్యండి. రేపు చూద్దాం."

నేనూ వదిలేశాను. నిజం చెప్పాలంటే తీసీ తీసీ విసుగెత్తిపోయాను. మొన్న సోమవారానికి ముందు కొన్ని వారాలు ఆయన్ని తీయడమే మానేశాను. ఉండనీ పెద్దాయన, ఎవరికి అడ్డం అనుకున్నాను. నా బుర్ర ఇంట్లో ఉంది.

ఇంట్లో వదిన ఉంది. మా అమ్మ పోయేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. అప్పుడే కాపురానికి వచ్చిన వదిన, తనకే ఇంకా చిన్నతనం వదలని వదిన, నన్ను కూతురిలా పెంచింది. పరీక్ష తప్పితే అన్నయ్యకి తెలియకుండా దాచింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, ఇప్పటికీ ఆఫీసు నుంచి కాస్త ఆలస్యమైతే గుమ్మంలో నిలబడుతుంది. ఈ ప్రపంచంలో నాకు ఎవరంటే భయమో, ఎవరంటే ప్రాణమో అడిగితే రెండింటికీ ఆవిడ పేరే చెబుతాను.

వదినకి ఎడమ రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నేనే బలవంతాన ఆసుపత్రికి లాక్కొచ్చాను. పన్నెండో గదిలో ఇప్పుడు కూర్చునేది కొత్త డాక్టరమ్మ. ఆవిడ చూసి, చిన్న ముక్క తీయించి పరీక్షకి రాసింది. ల్యాబ్‌కి నేనే తీసుకెళ్ళాను. బాబాయ్‌కి వదినని పరిచయం చేస్తే ఆయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. "మీ ఆడపడుచు నన్ను ఫోన్లో రాచి రంపాన పెడుతోందమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు. వదిన పకపకా నవ్వింది.

బయటికొచ్చేటప్పుడు కౌంటర్లో అమ్మాయి, "కాగితం రిపోర్టులు మానేశామండీ. నేరుగా డాక్టరుగారికే వెళ్తుంది. ఏదన్నా ఉంటే వాళ్ళే ఫోన్ చేస్తారు" అంది.

ఆ మాటని వదిన కొంగున ముడేసుకుంది. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి, ఫోన్ రాలేదు. వదినకి అదే ధైర్యం. సాయంత్రం నేను ఇంటికి రాగానే కుట్టుమిషను మీద నుంచి తలెత్తి, "ఇవాళ కూడా ఫోన్ రాలేదు, చూశావా?" అనేది, లాటరీ తగిలినట్టు. అన్నయ్య బస్సు డిపో నుంచి వచ్చి, నూనె చేతులు కడుక్కుంటూ, "ఇంకేం, బతికిపోయాం" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. అడుగుదామని రెండుసార్లు పన్నెండో గది దాకా వెళ్ళి, బయట ఉన్న జనాన్ని చూసి తిరిగొచ్చాను. జనం వంక మాత్రమే. వినడానికి భయం వేసింది.

ఆ శుక్రవారం సాయంత్రం వదిన ఒక జాకెట్టు కుడుతోంది. బట్టని కుడిచేత్తోనే తిప్పుతోంది, కుడిచేత్తోనే లాగుతోంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మిషను ముందు రెండు చేతులూ పరుగులు పెట్టే మనిషి ఆవిడ.

"ఆ చెయ్యేమైంది వదినా?"

"ఏం కాలేదు. పైకెత్తితే కాస్త లాగుతోంది. పడుకోవడంలో పట్టేసి ఉంటుంది."

"ఎన్నాళ్ళుగా?"

"నువ్వు పోలీసుద్యోగంలో ఎప్పుడు చేరావే? వెళ్ళి కాళ్ళు కడుక్కో." నవ్వుతూనే అంది గానీ నా మొహం చూడలేదు. "ఏదన్నా ఉంటే వాళ్ళే ఫోన్ చేసేవాళ్ళు కదా," అని మిషను తొక్కడం మొదలెట్టింది. మామూలుకంటే వేగంగా తొక్కింది.

శనివారం పొద్దున్నే పన్నెండో గది ముందు కాపు కాశాను. కొత్త డాక్టరమ్మ తాళం తీస్తుండగానే పట్టుకున్నాను. ఆవిడ కంప్యూటర్లో వెతికింది, పైకీ కిందకీ రెండుసార్లు వెతికింది.

"మీ వదినగారిది రాలేదమ్మా ఇంకా. ఆ ల్యాబ్ వాళ్ళతో నాకు రోజూ ఇదే తలనొప్పి. కొన్ని వారాలు టంచనుగా వస్తాయి, కొన్ని వారాలు అసలు రావు. ఈమధ్య అయితే మరీ దారుణం. ఎవరో ఒకరు వచ్చి అడిగితే తప్ప రాలేదన్న సంగతి నాకు తెలియదు. నేనేమైనా జాతకం చెప్పగలనా?"

ఆవిడ మాటలు వింటూ ఆవిడ కుర్చీ వెనక గోడ మీద అంకె చూస్తున్నాను. పన్నెండు. కిందికి దిగి ల్యాబ్ కౌంటర్‌కి ఫోన్ చేశాను. అమ్మాయి ఏదో నొక్కి చూసి, "అది ఎప్పుడో వెళ్ళిపోయిందండీ. ముక్క మాకు అందిన వారం తిరక్కుండానే పంపేశాం. చేరినట్టు కూడా ఉంది" అంది.

"ఎవరికి చేరింది?"

"పన్నెండో గదికండీ."

ఫోన్ పెట్టేశాను. గోడ అవతల యంత్రం తిరుగుతోంది, కప్పు జరుగుతోంది. రిపోర్టు ల్యాబ్ నుంచి వస్తుంది. మా పెద్దింటి ప్రోగ్రాము గది నంబరు చూస్తుంది, పట్టికలో ఆ నంబరున్న మనిషికి పంపుతుంది. ఒకే నంబరు మీద ఇద్దరుంటే ముందు ఉద్యోగంలో చేరినవాళ్ళకి పంపుతుంది. పెద్దవాళ్ళకి మర్యాద ఇవ్వడం దానికి ఎవరో నేర్పించారు. నేను పెద్ద డాక్టరుగారిని తీసేసిన రోజుల్లో రిపోర్టులు డాక్టరమ్మకి వెళ్ళాయి. శుక్రవారం ఆయన తిరిగి రాగానే ఆయనకి వెళ్ళాయి. నేను విసుగెత్తి ఉండనిచ్చిన వారాల్లో అన్నీ ఆయనకే వెళ్ళాయి. వదిన రిపోర్టు ఆ వారాల్లోది.

రోడ్డు ఎలా దాటానో నాకు తెలియదు. ఎవడో బండివాడు "చావాలనుందా?" అని అరిచాడు. బాబాయ్‌ని చెడామడా తిట్టాలని మెట్లెక్కుతున్నంతసేపూ మాటలు పేర్చుకున్నాను. చేస్తానన్న పని చెయ్యనందుకు, చేశానని అబద్ధమాడినందుకు.

ఆయన కిటికీ పక్కన కంప్యూటర్ ముందు, ముక్కు చివర కళ్ళజోడుతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొడుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచి తన కుర్చీ జరిపాడు. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకున్నాడు.

"రా తల్లీ, కూర్చో. వదినకి ఎలా ఉంది? ఆపరేషన్ అయిందా?"

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ పోయాయి.

"ఏం ఆపరేషన్ బాబాయ్?"

ఆయన నా మొహం చూశాడు. నా చెయ్యి వదిలేశాడు. నెమ్మదిగా బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ స్లైడు నేనే చూశాను అమ్మాయ్. రిపోర్టు రాసే మా పెద్దమేడమ్ చూడకముందే నేను చూశాను. పేరు చూడగానే... మేం బయటికి చెప్పకూడదు కదా. డాక్టరుగారు చెబుతారు, వెంటనే రమ్మంటారు అనుకున్నా. అర్జెంటని రాసి పంపాం. నీకు తెలుసనుకున్నా. అందుకే ఫోన్లో అంత చిరాగ్గా ఉంటున్నావనుకున్నా. నా అంతట నేను అడగలేకపోయాను."

నేను కూర్చోలేదు. ఆయన తెర వైపు చూశాను. పైన పెద్ద డాక్టరుగారి చిరునామా ఉంది. కింద 'నమస్కారం సార్. ఇవాళ మబ్బుగా ఉంది' అని ఉంది.

"ఆయనకి రాస్తున్నారా?"

"పొద్దున్నే వస్తూనే రెండు ముక్కలు రాస్తాను." దొంగతనం చేస్తూ దొరికినవాడిలా తల దించుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు, పొద్దున్నే ల్యాబ్‌కొచ్చి పలకరించే ఆయన గొంతు విని పని మొదలెట్టినవాణ్ణి. ఆయన పోయాక ఒకరోజు ఊరికే రాసి చూశాను. ఉత్తరం తిరిగి రాలేదు. చేరలేదన్న జవాబూ రాలేదు. నువ్వు తీసెయ్యమన్నావు. రెండుసార్లు మీట మీద వేలు పెట్టాను. తీసేస్తే ఇంక నా ఉత్తరం నాకే తిరిగొచ్చేస్తుంది కదమ్మా. అది చూడలేకపోయాను. నా పిచ్చి రాతలు తప్ప ఆ పెట్టెలో ఇంకేముంటాయిలే, ఎవరికి నష్టం అనుకున్నాను."

"గది నంబరు బాబాయ్," అన్నాను. అంతకు మించి చెప్పక్కర్లేకపోయింది. ఆయన రాస్తున్న ఉత్తరం మూసేసి, తెర మీద పెద్ద డాక్టరుగారి పేరు పక్కనున్న అంకె వెతికాడు.

రేపుగారికి ఫోన్ చెయ్యలేదు. పెద్ద డాక్టరుగారు ల్యాబ్‌కి వచ్చే రోజుల్లో తెరిచిన ఆ పెట్టె ఇప్పటికీ చిన్నింట్లోనే ఉంది, తాళం బాబాయ్ దగ్గర ఉంది. తెరిచాం. అన్నీ చదవనివే, ముదురు నల్లటి అక్షరాల్లో, తెర కింది దాకా, ఇంకా కిందికి. బాబాయ్ నమస్కారం, దాని కింద ఎవరిదో రిపోర్టు. మళ్ళీ బాబాయ్ నమస్కారం, మళ్ళీ ఎవరిదో రిపోర్టు. కొన్నిటి ముందు అర్జెంటని ఎర్ర గుర్తు. వదిన పేరు ముందు ఎర్ర గుర్తు ఉంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీద, రేపుగారి మీద, కాగితం మానేసినవాళ్ళ మీద, ఉండనీ పెద్దాయన అనుకున్న నా మీద. బాబాయ్‌ని తిడదామని తిరిగితే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏమీ కనపడనివాడిలా కిటికీ వైపు చూస్తున్నాడు. తిట్టలేకపోయాను.

రిపోర్టులన్నీ డాక్టరమ్మకి పంపించి నేనే పరుగెత్తాను. ఆవిడ చూసింది. బయట ఉన్న రోగుల్ని పక్క గదికి పంపమని నర్సుకి చెప్పింది. వదినది తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"ఎంత లేటైంది డాక్టర్?"

"అప్పుడే తెలిసుంటే నేను ధైర్యంగా మాట్లాడేదాన్ని. ఇప్పుడు స్కాన్ చూడకుండా ఏమీ చెప్పను. చెయ్యెత్తితే లాగుతోందని ఆవిడ ఎప్పుడైనా అన్నారా?"

"అన్నారు."

ఆవిడ పెదవి కొరుక్కుంది. "సోమవారం పొద్దున్నే తీసుకురండి. ఏమీ తినకుండా రావాలని చెప్పండి. నేను ఫోన్ చెయ్యనా, మీరు చెబుతారా?"

"నేను చెబుతాను."

ఆవిడ ఎర్ర గుర్తులున్న మిగతావాళ్ళకి ఒక్కొక్కరికే ఫోన్ చెయ్యడం మొదలెట్టింది. నేను లేవలేక అక్కడే కూర్చున్నాను. మొదటి ఇద్దరూ దొరికారు. మూడో నంబరుకి ఎవరో మగమనిషి ఎత్తినట్టుంది. ఆవిడ తన పేరు చెప్పింది, ఆసుపత్రి నుంచి అంది, రోగి పేరు అడిగింది. తర్వాత చాలాసేపు వింది. "తెలియదండీ. మాకు తెలియదు. క్షమించండి" అని ఫోన్ పెట్టేసి, కాసేపు ఆ ఫోన్ మీద చెయ్యి ఉంచి, నాలుగో నంబరు నొక్కింది.

కిందికి వెళ్ళి పెద్ద డాక్టరుగారి పేరు తీసేశాను. బాబాయ్‌కి ఫోన్ చేసి, "బాబాయ్, నా వైపు తీసేశాను" అన్నాను. మామూలుగా ఆ తర్వాత ఆయన 'నేనూ తీసేశా' అనాలి. "ఆఖరిగా ఒక్క ఉత్తరం రాసుకోనా?" అని అడిగాడు. వద్దన్నాను. అవతల మీట చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వీధి తలుపు తీసే ఉంది. మిషను చప్పుడు గుమ్మం దాకా వినిపిస్తోంది. అన్నయ్య ఇంకా రాలేదు. వదిన నన్ను చూసి, కుడిచేత్తో బట్ట పక్కకి తోసి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఇవాళ కూడా ఫోన్ రాలేదు, చూశావా?"

నేను చెప్పులు విప్పలేదు. దారి పొడుగునా అనుకున్న మాటల్లో ఒక్కటీ లేదు.

"ఫోన్ చెయ్యలేదు వదినా," అన్నాను. "నన్ను పంపించారు."

వదిన మిషను మీంచి కాలు తీసేసింది. చక్రం ఇంకా రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆవిడ కాసేపు నా కాళ్ళకున్న చెప్పుల వైపు చూసింది. తర్వాత కుడిచేత్తో పక్కనున్న స్టూలు నా వైపు లాగింది.

"కూర్చో," అంది. "కూర్చుని చెప్పు. ముందు ఆ చెమట తుడుచుకో."